గడ్డి మాస్టారు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందుగా మానుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ మాట "పాపం". చూపు పోయిన మనిషి ఇంట్లో అడుగు పెట్టగానే ఎంత కరకు మనిషి నోటి నుంచైనా అది జారిపడుతుంది. వినడానికి మెత్తగా ఉంటుంది. నా అనుభవంలో అంతకంటే గట్టిగా తగిలే మాట మరొకటి లేదు. అది ఒక మనిషిని ఎలా మంచాన పడేసిందో, అతను మళ్ళీ ఎలా లేచాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తప్పులు కూడా మధ్యలో వస్తాయి. వాటిని దాచుకుంటే మీకు నష్టం, నాకు పెద్ద లాభమేమీ లేదు.

నా ఉద్యోగం ఇదీ. పెద్ద వయసులో చూపు కోల్పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, తడుముకోకుండా నడవడం, చెయ్యి కాల్చుకోకుండా వండుకోవడం, ఏదో ఒక పని తిరిగి చేతిలోకి తెచ్చుకోవడం నేర్పాలి. గుంటూరులోని ఒక చిన్న సంస్థ జీతం ఇచ్చేది, సైకిలు మాత్రం నాదే. ఎనభైల్లో ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళు నా వంతుకు వచ్చాయి. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే. దానివల్ల సైకిలు పోయి బల్ల వచ్చింది, నాకు తెలిసిన పని కూడా సైకిలుతోనే పోయింది.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నేను హేతువాదిని. కుర్రతనంలో సభలు పెట్టి వాదించేవాణ్ణి. ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదిలేవాణ్ణి కాదు, అందుకే చాలామంది ఒప్పుకున్నామని చెప్పి భోజనానికి వెళ్ళిపోయేవాళ్ళు. చూపు పోవడం పూర్వజన్మ ఫలం అన్నవాడితోనూ, దేవుడి పరీక్ష అన్నవాడితోనూ సమానంగా తగువు పెట్టుకున్నాను. ఈ అలవాటు ఈ పనికి కొంత పనికొచ్చింది, కొంత అడ్డొచ్చింది. ఎంతెంతో ఈ కథ అయ్యాక మీరే తేల్చుకోండి.

మోచెయ్యి

సైదులు దూదేకులవాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఏ అరుగు మీద కూర్చుంటే ఆ అరుగు ముందు పాత పరుపులు పోగుపడేవి. ముద్దకట్టిన దూది ఏకి, మళ్ళీ నింపి, దబ్బనంతో కుట్టి ఇచ్చేవాడు. ఆ చుట్టుపక్కల సగం మంది అతని పరుపుల మీద నిద్రపోయినవాళ్ళే. నలభై ఏళ్ళ వయసులో దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించడం మొదలైంది, తలనొప్పి పట్టుకుంది. పక్క ఊళ్ళో కళ్ళలో ఆకు పసరు పోసేవాడొకడు ఉంటే అతని దగ్గరికి మూడు నెలలు తిరిగాడు. తర్వాత గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే నీటికాసులు అన్నారు. ఆ జబ్బులో పోయిన చూపు రాదు. వేళకు వెళితే ఉన్నది నిలుస్తుంది. సైదులు వెళ్ళేసరికి నిలవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ పసరువాడి మీద మండిపడి ఒక వ్యాసం రాశాను. ఒక పత్రిక వేసుకుంది కూడా. నెల తర్వాత అటు వెళితే, ఆ కాగితం ముక్కను అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. పేపర్లో పడ్డానని వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడట. రాతతో మూఢత్వం పోతుందని నమ్మేవాళ్ళు ఆ అద్దాన్ని ఒకసారి తలుచుకోవాలి.

మొదటిసారి సైదులు ఇంటికి వెళ్ళినప్పుడు అతను నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య కాసింబీ చేట ముందు పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"నమస్కారం, సైదులు గారూ" అన్నాను.

అతను మొహం అటూ ఇటూ తిప్పాడు. "ఏమే, ఇంకెవరన్నా వచ్చారా ఇంట్లోకి?"

"నిన్నేనయ్యా పిలిచేది" అంది కాసింబీ నవ్వు ఆపుకుంటూ.

"గారు తీసేయండి మాస్టారూ. నలభై ఏళ్ళ నించీ సైదులునే. ఇప్పుడు కొత్త పేరు పెడితే దాన్ని కూడా తడుంకోవాలి."

మంచం కింద ఒక హార్మోనియం పెట్టె కనిపించింది. చూపు పోయిందని తెలియగానే ఊరి పెద్దలు తెచ్చి ఇచ్చారట. కళ్ళు పోతే గొంతులోకి సంగీతం దిగుతుందని మన జనానికి గట్టి నమ్మకం. సైదులు గొంతు తెలిసినవాళ్ళు కూడా ఆ నమ్మకం వదులుకోలేదు. రెండు రోజులు ఒకే మెట్టు నొక్కుతూ కూర్చున్నాడని, మూడో రోజు ఇరుగుపొరుగువాళ్ళే వచ్చి "ఇక చాలులే సైదులూ" అన్నారని కాసింబీ చెప్పింది.

నేను నేర్పిన మొదటి పాఠం మోచెయ్యి. చూపున్నవాళ్ళు చూపులేనివాళ్ళ చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోతుంటారు. అది తప్పు. మనం మోచెయ్యి ఇవ్వాలి, వాళ్ళు దాన్ని పట్టుకుని అర అడుగు వెనక నడవాలి. అప్పుడు మన ఒంటి కదలికలోనే వాళ్ళకు దారి తెలుస్తుంది. మెట్టెక్కితే మోచెయ్యి లేస్తుంది, గుంట వస్తే దిగుతుంది, మలుపు వస్తే తిరుగుతుంది. ఈ సంగతి ఊరందరికీ చెప్పాను, పెద్దమనుషుల చేత కూడా చేయించి చూపించాను. సైదులు కనిపిస్తే చాలు, జనం మోచెయ్యి చాచడం మొదలుపెట్టారు. నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ మోచేతుల్లోంచి సైదులు ఇంకేం నేర్చుకుంటున్నాడో అప్పటికి నాకు తెలియదు.

పరుపు

మా సంస్థ కార్యదర్శి గారిది ఒకటే మందు. చూపు పోయినవాళ్ళందరికీ కేను కుర్చీలు అల్లడం నేర్పించాలి. మంచివాడు, భారీ మనిషి, పెద్దగా ఆలోచించేవాడు కాదు. నేను ఆయనతో వాదించాను. చేతులకు వచ్చిన పని ఉండగా కొత్తది ఎందుకు, సైదులుకు పరుపుల పనే తిరిగి ఇద్దాం అన్నాను. ఆ వాదన ఇప్పటికీ సరైనదే. తొందర మాత్రం నాది.

సైదులు వేళ్ళు కుట్టు మర్చిపోలేదు. నేను నేర్పింది లెక్క ఒక్కటే. మూడు దబ్బనాలు, ఒక రేకు డబ్బా. పని మొదలెట్టేముందు మూడూ ఎంచి తియ్యాలి, అయ్యాక మూడూ ఎంచి వెయ్యాలి. పది రోజుల్లో పట్టుబడింది. మొదటి పరుపు ఎవరికి? నా గొప్ప చూపించుకోవాలి గదా, కార్యదర్శి గారికే కుట్టించాను. సైదులు ఒక వైపు కుడుతుంటే, పని తెమలడం లేదని నేను రెండో వైపు కూర్చుని నాలుగు ముళ్ళు వేశాను. దానికి నా సంచిలోంచి ఒక దబ్బనం తీశాను.

పరుపు బస్సు మీద వేయించి ఇద్దరం గుంటూరు వెళ్ళాం. కార్యదర్శి గారు మా ఎదుటే పరిపించి, సంతోషంగా, తన బరువంతా వేసి కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగానే లేచారు. ఆయన అంత చురుగ్గా లేవగలరని నాకు అంతవరకు తెలియదు. వెనక్కి చెయ్యి పెట్టి దబ్బనం లాగి, దాన్ని చూశారు, నన్ను చూశారు, సైదులును చూశారు. దబ్బనాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టారు.

"ఎట్టా ఉందండి?" అన్నాడు సైదులు.

"బాగుందయ్యా. పాపం, చాలా బాగా కుట్టావు. మెత్తగా ఉంది."

బల్ల మీద ఇనుము పెట్టిన చప్పుడు నేను పట్టించుకోలేదు. సైదులు విన్నాడు.

తిరుగు బస్సులో ప్రత్తిపాడు వచ్చాం. దిగాక సైదులు అన్నాడు. "మాస్టారూ, కళ్ళున్నప్పుడు పరుపులో ఉండ తగిలితే వీధిలో నిలబెట్టి తిట్టేవాళ్ళు. ఊరి వరసకి బాబాయ్, ఆ వెంకటప్పయ్య ఒకసారి పరుపు నా మొహాన కొట్టాడు. ఇయ్యాల సూది గుచ్చుకున్నా బాగుందంటన్నారు. అంటే నా పని ఇంక ఎవరూ చూడరన్నమాట. నన్ను చూసి ఊరుకుంటారు. ఇక నాకీ సూదులొద్దు."

డబ్బా నాకిచ్చేశాడు. ఇంటికి వెళ్ళి తెరిచి చూస్తే మూడు దబ్బనాలూ ఉన్నాయి. పరుపులో మిగిలింది నాది. అతని లెక్కలో తప్పు లేదు, నా తొందరలో ఉంది. ఆ సంగతి మర్నాడే సైకిలెక్కి వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. వేదికల మీద ఎంతమంది అబద్ధాలో ఎండగట్టిన నాకు, ఒక దూదేకులాయన దగ్గర నిజం చెప్పడానికి కాళ్ళు రాలేదు. మీరు తప్పు చేస్తే మర్నాడే చెప్పండి. ఈ ఉద్యోగంలో నేను ఇవ్వగల సలహాల్లో ఇది ఖరీదైనది.

చేలో వెంకటప్పయ్య

రెండు నెలలు సైదులు మంచం దిగలేదు. ఎప్పుడు వెళ్ళినా గోడవైపు తిరిగి ఉండేవాడు. "మనిషి మనిషిలాగా లేడు మాస్టారండీ. నన్ను తిట్టడం కూడా మానేశాడు" అని కాసింబీ వాపోయింది. నేను పుస్తకాల్లో చదివిన ధైర్యవచనాలు చెప్పేవాణ్ణి. అవి చెబుతుంటే నాకే నిద్ర వచ్చేది.

ఒక ఉదయం ప్రత్తిపాడు దాటి వెళుతుంటే, రోడ్డు పక్క మిరప చేలో వెంకటప్పయ్య గారు నిలబడి కనిపించారు. సైదులు ఊళ్ళో పెద్ద రైతు, అతని మొహాన పరుపు కొట్టిన మనిషి. కుడిచెయ్యి నడుం మీద, ఎడమ భుజం ఒక పక్కకి జారి, తిట్టడానికి ఎవరు దొరుకుతారా అన్నట్టు మెడ ముందుకు సాచి. మర్యాదగా సైకిలు దిగాను.

"నమస్కారం, వెంకటప్పయ్య గారూ."

పలకలేదు. నాస్తికుణ్ణని కోపమేమో అనుకుని ఇంకాస్త గట్టిగా నమస్కారం పెట్టాను.

"నేనిక్కడున్నానయ్యా మాస్టారూ" అన్న గొంతు నా వెనక గట్టు మీద నుంచి వచ్చింది.

కాయ కోసే ఆడవాళ్ళంతా నడుములు పట్టుకుని నవ్వుతున్నారు. చేలో ఉన్నది దిష్టిబొమ్మ. పత్తికట్టె ఎముకలు, వరిగడ్డి ఒళ్ళు, పాత చొక్కా, తల స్థానంలో మసికుండ. ఆ కుండకు కళ్ళు ముక్కు ఏమీ లేవు. అయినా అది వెంకటప్పయ్యే, మరొకరు కాదు. జీవితమంతా దిష్టిని ఖండించిన నేను దిష్టిబొమ్మకు రెండు నమస్కారాలు పెట్టిన వార్త నాకంటే ముందే ఊళ్ళోకి చేరింది.

జరిగింది ఇదీ. చేలో బొమ్మ పెట్టమని వెంకటప్పయ్య కాసింబీకి పాత బట్టలిచ్చాడు. ఆమె విసుగు పట్టలేక, బట్టలూ గడ్డీ తెచ్చి మొగుడి ముందు పడేసి, "ఊరికే కూర్చోకపోతే ఇది కట్టు" అంది. సూది లేని పని, పురికొసతో కట్టడమే. సైదులు కట్టాడు.

వెంకటప్పయ్య నాతో పాటే అతని ఇంటికి వచ్చాడు. "ఒరేయ్ సైదులూ, నా భుజం అంత జారిపోయుంటదంట్రా?"

"నీ భుజం ఎట్టా ఉంటదో నీకేం తెలుసు బాబాయ్? నిన్ను నువ్వు ఎనకనించి ఎప్పుడన్నా చూశావా?"

"నువ్వు చూశావా మరి?"

"బస్సు దాకా రెండుసార్లు తీసుకుపోయావుగా. నీ మోచెయ్యి పట్టుకున్నా. ఎడమకాలు వేసినప్పుడల్లా భుజం దిగబడుద్ది. ఎవరన్నా ఎదురొస్తే మెడ ముందుకి పోద్ది. ఆ గుంజుడు మోచేతిలో తెలిసిపోద్ది."

వెంకటప్పయ్య తన భుజాన్ని తనే కాసేపు తడుముకున్నాడు. "మెడ కొంచెం లావు కట్టావురా. నాకంత లేదు" అన్నాడు.

ఆ మాటకు సైదులు మొహం మీద ఏదో కదిలింది. రెండు నెలల్లో మొదటిసారి. నేను దాన్ని చూశాను, కానీ ఆగి ఆలోచించలేదు. నా బుర్రలో అప్పటికే ఉపన్యాసం తయారైపోయింది. వెంకటప్పయ్య వెళ్ళగానే మొదలుపెట్టాను. దిష్టి అనేది లేదు, చూపులో విషం ఉండదు, మిరపకు వచ్చేది పురుగు, తెగులు, వాటికి బొమ్మలు కనపడవు, నా చేతుల మీదుగా పని నేర్చిన మనిషి మూఢనమ్మకానికి సరుకు తయారు చేస్తే నేను సహించను. అరగంట మాట్లాడాను.

సైదులు అంతా విన్నాడు. "అయిపోయిందా మాస్టారూ?"

"అయిపోయింది."

"దిష్టి లేదని మీరు చెప్తే ఒప్పుకుంటా. నాకూ అంత నమ్మకం లేదు. ఒక మాట చెప్పండి. డబ్బాలో మూడు సూదులున్నాయిగా?"

"ఉన్నాయి."

"ఆ రోజు బల్ల మీద చప్పుడైనప్పుడే తెలుసు, నాలుగోది ఎవరిదో. నా మూడూ నేను ఎంచే వేశా. మీరు చెప్తారేమోనని రెండు నెలలు చూశా. దిష్టి సంగతి అరగంట చెప్పారు గదా, సూది సంగతి అర నిమిషం చెప్పలేకపోయారా?"

క్షమించమన్నాను. అతను చెయ్యి ఊపి, "నన్ను తిట్టకుండా ఊరుకున్నారు ఆ కార్యదర్శి గారు. మిమ్మల్ని తిట్టకుండా నేనూ రెండు నెలలు ఊరుకున్నా. ఇప్పుడు తిట్టాగా, సరిపోయింది" అన్నాడు. వాదనలో నేను ఓడిపోయిన రోజులు తక్కువ. ఇంత సుఖంగా ఓడిపోయిన రోజు అదొక్కటే.

మహిమ

ఆ తర్వాత ప్రతి చేనుకీ ఒక బొమ్మ కావాల్సొచ్చింది. సైదులు రోజూ ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. ఎక్కడికీ పని లేకపోయినా తిరిగేవాడు. కరెంటు లైన్‌మన్ నడక, పోస్టుమన్ సంచి బరువు, చంటిపిల్లను ఎత్తుకుని అలవాటైపోయిన ఒకామె నడుం వంపు, అన్నీ గడ్డిలోకి వచ్చేవి. చేలగట్ల మీద జనం పని ఆపి ఇది ఫలానా, అది ఫలానా అని పందేలు కట్టేవాళ్ళు. వెంకటప్పయ్య మాత్రం రోజూ పొద్దున్నే తన బొమ్మ పక్కన నిలబడి భుజం సరిచేసుకునేవాడట.

ఇంత సంతోషాన్ని మన జనం ఎక్కువ రోజులు ఉంచరు. ఎవడో అన్నాడు, చూపు లేనివాడు కట్టిన బొమ్మకు మహిమ ఎక్కువని. అంతే. సత్తెనపల్లి వైపు నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. గుమ్మం ముందు నిమ్మకాయలు, కొబ్బరికాయలు. ఒకాయన సైదులు కాళ్ళకు మొక్కబోతే అతను ఉలిక్కిపడి మంచం ఎక్కాడు.

నేను వెళ్ళేసరికి ఒక రైతు వాకిట్లో నిలబడి ఉన్నాడు. "బొమ్మ పెట్టినా ముడత తెగులు తగ్గలా సైదులయ్యా" అంటున్నాడు.

"బొమ్మ ఎట్టా ఉంది?"

"బొమ్మకేమైంది. ఉంది."

"ఎవరిలా ఉంది?"

"ఎవరిలా ఉంటే ఏందయ్యా. పనిచేస్తదా లేదా?"

అతను వెళ్ళాక సైదులు పురికొస ఉండ విసిరికొట్టాడు. "చూశారా మాస్టారూ. వీళ్ళూ ఆ కార్యదర్శి గారిలాంటోళ్ళే. ఆయన పాపం అన్నాడు, వీళ్ళు సామీ అంటన్నారు. నా పని ఆయనా చూడలా, వీళ్ళూ చూడట్లా. లైన్‌మన్ మోకాలు కుదరక నాలుగుసార్లు ఇప్పి కట్టా. ఒక్కడన్నా మోకాలు చూశాడా?"

హేతువాదానికి ఇంతకంటే మంచి కారణం నేను ఏ సభలోనూ వినలేదు. మూఢనమ్మకం అబద్ధం కాబట్టి తప్పని నేను ఇరవై ఏళ్ళు చెప్పాను. అది మనిషి పనిని చూడనివ్వదు కాబట్టి తప్పని సైదులు చెప్పాడు. నాది బుర్రకు తగిలే మాట, అతనిది ఎక్కడ తగలాలో అక్కడ తగిలే మాట.

ఆ రోజే ఒక షరతు పెట్టాడు. బొమ్మ కావాలని వచ్చినవాడు అది ఎవరో చెప్పాలి. చెప్తే పట్టుకెళ్ళొచ్చు. చెప్పలేకపోతే బొమ్మ అక్కడే ఉంటుంది. దిష్టికని అడిగితే అసలు కట్టడు. "వచ్చే గిరాకీ పోగొట్టుకుంటన్నాడు, పొగరు" అని కాసింబీ అరిచింది. అరుస్తూనే నిమ్మకాయలన్నీ ఏరి పచ్చడి పెట్టింది. మహిమ కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. బొమ్మ కోసం వచ్చేవాళ్ళు మిగిలారు.

ఒకరోజు సైదులు నాతో అన్నాడు. "కార్యదర్శి గారిని ఒక్కసారి తీసుకురండి మాస్టారూ. ఆయన నాకు బాకీ. ఆయన చేత ఒక్క తిట్టు తినాలి."

ఇది ఎవరు

పిలవాల్సిన పని లేకుండా ఆయనే వచ్చారు. హేతువాది దగ్గరుండి దిష్టిబొమ్మలు కట్టిస్తున్నాడని సంస్థకు ఒక ఉత్తరం వెళ్ళిందట. సంతకం లేదు గానీ నాకు దాంట్లో ఆకు పసరు వాసన వచ్చింది. సంజాయిషీ అడగడానికి జీపేసుకుని వచ్చారు.

సైదులు వాకిట్లో ఒక బొమ్మ దుప్పటి కప్పి సిద్ధంగా ఉంది. వెంకటప్పయ్య, కాయ కోతకు వెళ్ళాల్సిన ఆడవాళ్ళు, ఇంకో పదిమంది చేరారు. కార్యదర్శి గారు కుర్చీలో కూర్చోబోయి, ఆగి, కుర్చీని ఒకసారి చేత్తో తడిమి కూర్చున్నారు.

షరతు చెప్పి, సైదులు దుప్పటి లాగాడు.

ఒక మనిషి. ముందుకు పడిపోతాడా అన్నట్టు వంగి ఉన్నాడు. ఒక కాలు అడుగేస్తూ గాలిలో ఉంది. రొమ్ము విరుచుకుని ఉన్నాడు, దానికింద చిన్న పొట్ట. ఒక చెయ్యి వెనక్కి సాచి ఎవర్నో లాగుతోంది, రెండో చెయ్యి వేలు చూపిస్తోంది. భుజాన ఒక సంచి.

"మీరు చెప్పండి మాస్టారూ, ముందు" అన్నాడు సైదులు.

చుట్టూ తిరిగి చూశాను. "ఎవరో ఎన్నికల మనిషి. జనాన్ని సభకు ఈడ్చుకుపోతున్నాడు" అన్నాను.

వెంకటప్పయ్య కండువాతో నోరు మూసుకున్నాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

కార్యదర్శి గారు లేచి, బొమ్మ చుట్టూ ఒకసారి, నా చుట్టూ ఒకసారి తిరిగారు. "పాపం" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. సైదులు చేతిలో దుప్పటి నలిగిపోతోంది. మళ్ళీ ఆ మాటే.

"పాపం, ఇది ఎవరో ఈయనకే తెలియడం లేదు" అన్నారాయన నన్ను చూపిస్తూ. "ఇది నువ్వేనయ్యా."

వాకిలంతా గొల్లుమంది. నేను ఇంకా ఒప్పుకోలేదు. "నాకంత పొట్ట లేదు" అన్నాను.

"ఉంది" అన్నారు పదిమందీ.

"పొట్ట సరిపోయింది. వేలు తప్పు" అన్నారు కార్యదర్శి గారు. ఆయన గొంతు మారింది. ఆఫీసులో నా నివేదికల్లో తప్పులు పట్టేటప్పటి గొంతు. "ఇతను వాదించేటప్పుడు వేలు చెవి దాటి పైకి పోతుంది. ఇక్కడ భుజం దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా నా బల్ల ముందు చూస్తున్నాను గదా. దాంతో మొత్తం పాడైంది. బాగోలేదు."

సైదులు రెండడుగులు ముందుకు వచ్చాడు. "ఏందండీ? ఇంకొకసారి అనండి."

"బాగోలేదన్నానయ్యా. కోపమొచ్చినా సరే. మిగతాది ఇంత బాగా కట్టి, ఆ ఒక్కటీ అలా ఎలా వదిలేశావు?"

సైదులుకు కోపం రాలేదు. నవ్వు మొహమంతా పాకింది. "మోచేతి దాకే నాకు తెలిసేదండి. వేలు సంగతి ఎవరూ చెప్పలా. ఎంత పైకి పోద్ది? చూపించండి."

మా కార్యదర్శి గారు, నేను వాదిస్తున్నట్టు వేలు పైకెత్తి నిలబడ్డారు. సైదులు ఆయన భుజం నుంచి వేలికొస దాకా మెల్లిగా తడిమాడు. అక్కడే కూర్చుని బొమ్మ చెయ్యి విప్పి మళ్ళీ కట్టాడు. ఆయన పక్కనే నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని కసురుతూనే ఉన్నారు. ఒకసారి "అబ్బ, నీకు చెప్తే అర్థం కాదా" అని కూడా అన్నారు. కాసింబీ నా వైపు చూసి, "తిట్టాడండీ" అని నెమ్మదిగా అంది. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. సంజాయిషీ సంగతి ఆ రోజుకీ, ఆ తర్వాతకీ ఎవరికీ గుర్తు రాలేదు.

అందరూ వెళ్ళాక నేను ఒక్కటే అడిగాను. "ఆ ముందుకు పడిపోవడం ఏమిటి సైదులూ? నేనలా నడుస్తానా?"

అతను పురికొస చుట్టుకుంటూ చెప్పాడు. "మోచెయ్యి ఇచ్చి నడిపించడం మీరే ఊరందరికీ నేర్పారు మాస్టారూ. ఇస్తారు, పట్టుకునేదాకా ఆగరు. ఊళ్ళో ఇంతమంది మోచేతులు పట్టుకున్నా గానీ, నన్ను ఈడ్చింది మీదొక్కటే. మంచికే ఈడ్చారనుకోండి. పరుపు దగ్గరికీ అట్టాగే ఈడ్చారు."

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పాల్సింది ఆ మాటల్లోనే ఉంది. మోచెయ్యి ఇవ్వండి. పట్టుకునేదాకా ఆగండి. తర్వాత అర అడుగు ముందు మాత్రమే నడవండి. అతని పని బాగోకపోతే బాగోలేదని చెప్పండి. నా ఉద్యోగంలో మిగతావన్నీ దీని చుట్టూ తిరిగినవే.

షరతు ప్రకారం బొమ్మ ఎవరో చెప్పింది కార్యదర్శి గారు కాబట్టి అది ఆయనది. దాన్ని జీపెక్కించుకుపోయి ఆఫీసులో తన బల్ల వెనక నిలబెట్టించారు. నా పదవీ విరమణ రోజున దాన్నే నాకు బహుమతిగా ఇచ్చారు. సైదులు వచ్చి రెండుసార్లు గడ్డి మార్చాడు. రెండోసారి పొట్ట కొంచెం పెంచాడు. అడిగితే, "పొద్దున మీ మోచెయ్యి పట్టుకున్నాగా" అన్నాడు.

ఇప్పుడది మా ఇంటి వరండాలో ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి, "మీరు కూడా దిష్టికి పెట్టారా మాస్టారూ" అని అడుగుతుంటారు. కాదని చెప్పడానికి నాకు గంట పడుతుంది. చెబుతున్నంత సేపూ వాళ్ళు నా మొహం చూడరు. నా వేలు, దాని వేలు మార్చి మార్చి చూసి, ఎత్తు సరిపోయిందని తలూపి వెళ్ళిపోతారు.